మేరీ అంటే పలకని వారి

ఏమంటివే సహస్రా, మీ క్లాసుల పిల్ల పేరు మ్హైరియా? గట్లనకు బిడ్డా, నొచ్చుకుంటది. రాసుడు గట్ల రాస్తరు గని, పిలుసుడు ‘వారి’. మేరీని ఈ స్కాట్లండోళ్ల పాత భాష గేలిక్‌ల మారి అంటరు, పిలిచేటప్పుడు అది వారి అయితది. మనం తమ్ముణ్ణి తమ్మీ అని పిలువమా, గట్లనే. నాకెట్ల ఎరుకనా? నేను గ్లాస్గోకు కొత్తగ వచ్చినప్పుడు మా కింది ఫ్లాట్ల ఒక వారి ఉండె. బట్టలు కుట్టే ఫ్యాక్టరీల పని. యాభై ఏండ్లుంటయేమో, మనిషి ఇంత ఎత్తు. మెట్ల మీద కనవడితే చాలు, ‘పుష్పలీల, సరిగ్గన్ననా?’ అని నా పేరు అప్పజెప్పేది.

మా రచన పుట్టే యాళ్లకు మీ అంకుల్ బెల్‌ఫాస్ట్‌ల ఇంటర్వ్యూకు పోయిండు. నొప్పులొస్తే ఆ కింది ఫ్లాటు వారియే దవాఖానకు తోల్కపోయింది. ఆడ సిస్టరమ్మ నా కాయితం సూసి, ‘ఈ పేరు మాతోని గాదు, మిసెస్ పి అందాం’ అన్నది. వారి ఊకుంటదా? ‘ఆమె పేరు పుష్పలీల. నేను నేర్సుకున్న, మీరూ నేర్సుకోండ్రి’ అన్నది. ఇగ కాసేపటికి సిస్టరమ్మ ‘పుష్, పుష్’ అనవట్టె. పాపం నా పేరు సగందాకా వచ్చి ఆగిపోతుందనుకోని, ‘ఆఁ, చెప్పండి సిస్టర్’ అన్న. నవ్వకే. వారి గూడ గట్లనే గోడ పట్టుకోని నవ్వింది.

బిడ్డ పుట్టినంక నా పక్కన కూసోని అన్నది గదా, ‘నీ పేరుకు కొట్లాడిన గని, నా పేరుకు ఇరవై రెండేండ్లు నోరు మూస్కున్న’ అని. ఫ్యాక్టరీల సూపర్‌వైజరు మొదటి దినమే, ‘ఈ స్పెల్లింగుకు నాకు నోరు తిరగది, నిన్ను మేరీ అంట’ అన్నడట. గదే పేరు ఉండిపోయింది.

నా కాన్పయినంక వచ్చిన సోమారం వారి పనికి పోయింది. ఆ సూపర్‌వైజరు ‘మేరీ’ అంటే పలుకది. తల వంచుకోని కుట్టుకుంట కూసున్నది. మంగళారం గంతే, బుధారం గంతే. ఆయనకు తిక్క లేసి, ‘ఇగ నిన్ను ఇంటికి పంపుత’ అన్నడట. ‘పంపుండ్రి. ఎవల్ని పంపుతున్నరో పేరు పెట్టి చెప్పుండ్రి’ అన్నదట. పక్క మిషన్ల ఆడోళ్లు కుట్టుడు ఆపిన్రు. ఆయన అటు సూసి ఇటు సూసి, మెల్లగ ‘వారీ, పని జేస్కో’ అన్నడట. ఆ పొద్దు పాట పాడుకుంట మెట్లెక్కింది, నేను పైనుంచి విన్న.

ఆమె కాలంజేసి పన్నెండేండ్లాయె. మొన్న బస్సుల ఒక తల్లి ‘వారీ, దా, దిగుదాం’ అని పిలిచింది. నేను తిరిగి సూసిన. పండ్లూడిన చిన్న పోరి…

పప్పు అడుగంటుతున్నట్టుంది, సూసి రాపో.