బస్సు పాసుల లైను

దాన్ని బోర్డనరమ్మా. బోర్డంటే కనబడాలి. మీరు ఆ ఎర్ర తలుపుకి అంటించింది బిస్కెట్ పాకెట్టంత కాయితం, దానిమీద వాన పడి అక్షరాలన్నీ కారిపోయాయి. అయినా నేను గొడవపెట్టుకోడానికి రాలేదు. గొడవపెట్టుకునే మనిషినే అయితే వ్యవహారం ఇక్కడిదాకా వచ్చేదే కాదు.

కూర్చోమంటారా. సరే. ఈ కుర్చీ ఏదో చిన్నపిల్లల కోసం చేసినట్టుంది. పర్లేదు, పర్లేదు, బానే ఉంది.

నా పేరు గోర్డన్ హాస్లం. పిల్ల పేరు టెస్సా. పదహారేళ్ళు. మీ సిక్స్త్ ఫామ్‌లో రెండేళ్ళ చదువుకి లెక్కలు, ఫిజిక్స్, ఇంకోటేదో... ఆ, కెమిస్ట్రీ. మార్చిలోనే సీటిచ్చారు. నిన్న రిజల్ట్స్ రోజున పన్నెండు లోపల పిల్లే స్వయంగా వచ్చి పేరు రాయించుకోవాలి, లేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి పోతుందని రాశారు. పోయింది. ఆ సంగతి మాట్లాడదామనే వచ్చాను.

వెతకండి, ఆ కంప్యూటర్లో వెతకండి. నాకేం తొందర్లేదు. నా డ్యూటీ రెండింటికి. ఏడో నంబరు బస్సు నాదే, ఆసుపత్రి మీదుగా వెళ్తుంది. ఎప్పుడూ ఎక్కలేదా? సరేలెండి, మీకు కారుంటుంది.

నిన్న జరిగింది ఇదీ. పొద్దున్న ఎనిమిదిన్నరకి టెస్సా అంది కదా, "నాన్నా, నేను స్కూలుకెళ్ళి రిజల్ట్స్ కవరు తెచ్చుకుంటా. నువ్వు ముందెళ్ళి లైన్లో నిలబడు. పక్కన ఎర్ర తలుపుంటుంది, అక్కడ. నేనొచ్చేదాకా కదలకు." సరే అని వచ్చాను. ఎర్ర తలుపుంది. దాని ముందు ఎవరూ లేరు. నిలబడ్డాను.

అయిదు నిమిషాలకి ఒకాయనొచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఇదేనా లైను?" అన్నాడు. "అనుకుంటున్నానండీ" అన్నాను. ఆయన తన వెనకాలాయనకి ఆ "అనుకుంటున్నాను" చెప్పలేదు. "ఇదే" అని చెప్పేశాడు. తొమ్మిదిన్నర అయ్యేసరికి ముప్ఫై మంది తేలారు. సైకిళ్ళ షెడ్డు దాకా పోయింది లైను. అందరూ నన్ను నమ్ముకునే.

ఎవర్నైనా అడగొచ్చు కదా అంటారు. ఎవర్నడగను? అవతల పెద్ద గుమ్మం దగ్గర ఇంకో లైనుంది నిజమే. అక్కడికెళ్ళి నోరు విప్పితే మధ్యలో దూరడానికొచ్చాడనుకుంటారు. మనవాళ్ళ సంగతి మీకు తెలీనిదేముంది. ఇల్లు కాలిపోతోందన్నా ఊరుకుంటారు గానీ లైన్లో దూరితే ఊరుకోరు. పైగా చినుకులు మొదలయ్యాయి, వెనకాలావిడ తన గొడుగు సగం నా మీద పట్టింది. గొడుగు పట్టిన మనిషిని వదిలేసి ఎలా వెళ్తామండీ?

మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది. మీ ముందు చెప్పేది కాదు.

పది దాటాక తలుపు తీశారు. లోపల ఒక బల్ల, బల్ల వెనక ఒకమ్మాయి. "ఫోటో తెచ్చారా?" అంది. దేనికమ్మా అన్నాను. "బస్సు పాసుకి" అంది.

ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. డ్రైవరు పిల్ల కాబట్టి టెస్సా ఈ చుట్టుపక్కల ఏ బస్సైనా ఊరికే ఎక్కుతుంది. అలాంటి నేను, బస్సు పాసు కోసం, గంటా ఇరవై నిమిషాలు వానలో నిలబడ్డానన్నమాట.

ఏం చేస్తాను, ఫారం తీసుకున్నాను. నింపాను కూడా. వెనక ముప్ఫై మంది చూస్తున్నారు మరి. థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. గొడుగావిడ "అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను.

టెస్సాకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నాలుగోసారికి ఎత్తింది. "స్కూల్లో కవర్లు ఇంకా ఇవ్వలేదు నాన్నా, నువ్వక్కడే ఉండు" అంది. వెనకాల ఏదో గరగరా తిరుగుతోంది. స్కూల్లో అంత గరగరలాడే వస్తువేముంటుందని అప్పుడే అనుకోవలసింది. పిల్ల ఉండమంది, ఉన్నాను.

పన్నెండూ పదికి వచ్చింది. చేతిలో కవరు. లెక్కల్లో తొమ్మిదికి ఎనిమిది, ఫిజిక్సులో ఎనిమిది, ఒక్క ఫ్రెంచి తప్ప అన్నీ బానే ఉన్నాయి. పెద్ద గుమ్మం దగ్గర మీ వాళ్ళు "అయ్యో, పది నిమిషాల కింద ఇచ్చేశామండీ" అన్నారు. నేను నోరు తెరిచేలోపే "పర్లేదులే నాన్నా" అంది టెస్సా. వాళ్ళకి థాంక్స్ కూడా చెప్పింది.

తర్వాత మార్కెట్టు దగ్గర బెంచీ మీద కూర్చుని, వేడి చిప్సు మీద గ్రేవీ పోయించుకుని తిన్నాం. దానివి అది తినేసి, నా వాటిలో సగం కూడా తింది. సీటు పోయిన పిల్ల తినే తిండి కాదది.

మీరు నన్ను పిచ్చివాడనుకుంటున్నారు. అనుకోండి. కానీ ఈ కొండ మీది కాలేజీ మా ఇంట్లో ఎంత పెద్ద విషయమో మీకు తెలీదు. మా డిపోలో రాయ్ ఎంట్విసిల్ అని ఉన్నాడు. వాళ్ళమ్మాయి మీ దగ్గరే చదివి డాక్టరు కోర్సులో చేరింది. ఏడేళ్ళయింది, ఇప్పటికీ క్యాంటీన్లో టీ కప్పు పట్టుకుంటే అదే కథ. మార్చిలో మీ ఉత్తరం రాగానే నేను దాన్ని డిపోకి పట్టుకెళ్ళాను. రాయ్ కళ్ళజోడు తెచ్చుకునేదాకా ఆగి మరీ చూపించాను. ఆ సాయంత్రం లామినేషన్ చేయించి ఫ్రిజ్ తలుపు మీద పెట్టాను. ఎవరైనా పాల కోసం ఫ్రిజ్ తెరవాలంటే ముందు దాన్ని చదవాల్సిందే.

జనీన్ కూడా ఈ కాలేజీయే అనేది. జనీన్ మా ఆవిడ. రెండేళ్ళయింది పోయి. ఆఖర్న మాట సరిగ్గా రానప్పుడు కూడా, "దాన్ని కొండ మీదికి పంపు" అంది. పంపుతానన్నాను. టెస్సా పక్కనే ఉంది. దాని చేతిలో జనీన్ చెయ్యుంది.

మరి ఇంత చెప్పాక పిల్ల వద్దని ఎలా అంటుంది? మీరే చెప్పండి.

కిందటి నవంబర్లో రెండు కాలేజీలూ చూశాం. ఇక్కడ మంచి మర్యాద చేశారు. పెన్నిచ్చారు, గుడ్డసంచీ ఇచ్చారు. ఫిజిక్స్ మాస్టారు "ఏమైనా అడగాలా?" అంటే టెస్సా టాయిలెట్టెక్కడని అడిగింది. మర్నాడు ఊళ్ళో చేతిపనుల కాలేజీకి ఊరికే, చూసినట్టుంటుందని వెళ్ళాం. అక్కడ ఒకావిడ గోడకి ప్లాస్టరింగ్ చేసి చూపిస్తోంది. చేతులు చూస్తే మగాడి చేతుల్లా ఉన్నాయి. టెస్సా చేతికి తాపీ ఇచ్చింది. నలభై నిమిషాలు కదల్లేదు పిల్ల. నేను రెండు టీలు తాగాను, జుట్టు కత్తిరించే క్లాసు చూశాను, ఎవరో కుక్కకి స్నానం చేయిస్తుంటే చూశాను, వెనక్కొచ్చాను. ఇంకా అక్కడే ఉంది.

బయటికొచ్చాక "నీకేది నచ్చిందే?" అన్నాను. "నీకు?" అంది. కొండ మీదిదే బాగుందన్నాను. "నాకూ అంతే" అంది. గడ్డం మీద తెల్లగా ప్లాస్టర్ అంటుకునుంది. తుడిచాను గానీ ఏమీ అడగలేదు.

మా ఇంట్లో అంతేనమ్మా. ఎవరం ఎవర్నీ ఇబ్బంది పెట్టం. చలేస్తోందంటే అవతలి వాళ్ళు లేచి కిటికీ మూయాల్సొస్తుందని చలేస్తోందని కూడా చెప్పం.

ఏంటి? ఉందా?

సీటు... ఉందా. ఎవరో ప్రైవేటు స్కూలుకి మారారా. ఓహో. ఒంటిగంట లోపల నేను సంతకం పెడితే, పిల్ల సోమవారం వచ్చినా చాలంటారా. మీరు చాలా మంచివారు. లేదండీ, మాటవరసకి అనడం లేదు.

పెన్నుంది, వద్దు. మీరిచ్చిందే, నవంబర్లో.

ఒక్క నిమిషం.

ఇవాళ పొద్దున్న బట్టలు మెషీన్లో వేద్దామని టెస్సా ప్యాంటు జేబులు చూశాను. కార్డొకటి దొరికింది. చేతిపనుల కాలేజీది. ప్లాస్టరింగ్, రెండో స్థాయి. నిన్నటి తేదీ, పొద్దున్న తొమ్మిదీ యాభై. అంటే నేను గొడుగు కింద ముప్ఫై మందికి నాయకత్వం వహిస్తున్న టైముకి అది అక్కడ చేరిపోయింది. ఆ గరగర కూడా ప్లాస్టర్ కలిపే మెషీన్ అయ్యుంటుంది. కార్డు మీద ఫోటో ఉంది. నవ్వుతోంది. పళ్ళు కనబడేట్టు. వాళ్ళమ్మ పోయాక ఆ పళ్ళు చూడ్డం అదే మొదలు.

కార్డు మళ్ళీ జేబులోనే పెట్టేశాను. ప్యాంటు ఉతకలేదు.

తర్వాత మెట్ల కింద గదిలోకి వెళ్ళాను. జనీన్ పోయిన ఏడాది ఆ గది గోడలు టెస్సా తనే ప్లాస్టర్ చేసింది. ఎక్కడ నేర్చుకుందో తెలీదు. ఒంటరిగా కూర్చోడానికి ఏదో సాకు అనుకున్నాను. ఎప్పుడూ లైటేసి చూడలేదు. ఇవాళ వేసి, అరచేత్తో గోడంతా రాశాను. ఎక్కడా చెయ్యి ఆగలేదు. మా ఇంట్లో పనివాడు చేసిన గోడలున్నాయి, వాటికంటే ఇదే బాగుంది.

అందుకని, మీరొక సాయం చెయ్యాలి. సీటు లేదని ఒక ఉత్తరం ఇవ్వండి.

తెలుసు, ఉందని తెలుసు. ఇప్పుడే కదా చెప్పారు.

అబద్ధం రాయమనడం లేదమ్మా. వెయిటింగ్ లిస్టులో తర్వాత ఎవరున్నారో వాళ్ళకి ఫోన్ చేసి ఈ సీటు ఇచ్చెయ్యండి. నేనిక్కడే కూర్చుంటాను. వాళ్ళు సరేనన్నాక సీటు లేదనేది నిజమే అవుతుంది. అప్పుడు రాయండి. మీ కాలేజీ బొమ్మున్న కాయితం మీద, "చింతిస్తున్నాము" అన్న మాట తప్పకుండా ఉండాలి. నిన్న చిప్సు తింటూ, రేపు వెళ్ళి గట్టిగా అడుగుతానన్నాను. పిల్ల మొహంలో నెత్తురు లేదు. "వద్దు నాన్నా, వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం" అంది. ఈ పాటికి ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ ఉంటుంది. నేను ఈ ఉత్తరం చూపించి, నేను చెయ్యగలిగింది చేశానే, ఇక ఆ ఊళ్ళో కాలేజీయే చూసుకో అంటాను. అది కాసేపు బాధపడ్డట్టు నటిస్తుంది. నేను నమ్మినట్టు నటిస్తాను. తర్వాత టీ పెట్టుకుంటాం.

నేరుగా మాట్లాడొచ్చు కదా అంటారా? ఏమని? నువ్వు నన్ను వానలో నిలబెట్టావని తెలుసనా? తప్పు లైనని తెలిసే నిలబెట్టింది. పదహారేళ్ళ పిల్ల, నా మొహం మీద కాదనలేక అంత పథకం వేసింది. అది బయటపెడితే సిగ్గుతో చచ్చిపోతుంది. దానిది నా పోలికే.

మీరలా చూడకండి. అంతా దాని మీదికే తోసేస్తున్నాను కదా. సరే, ఇది మీకొక్కరికే చెప్తున్నాను.

నిన్న పదకొండున్నరకి, ఎదురుగా రోడ్డవతల బస్ షెల్టర్లో టెస్సాని చూశాను. కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. లోపలికి రావడం లేదు. మీ గడియారం వైపు చూస్తోంది. ఇరవై రెండేళ్ళుగా షెల్టర్లలో జనాన్ని చూస్తున్నానమ్మా, బస్సు కోసం కూర్చున్న వాళ్ళెవరో, బస్సు వెళ్ళిపోవాలని కూర్చున్న వాళ్ళెవరో నాకు తెలుస్తుంది.

చెయ్యి ఊపితే వచ్చేసేది. పరిగెత్తుకుంటూ వచ్చేది. వచ్చి, చేరి, రెండేళ్ళు నా కోసం, వాళ్ళమ్మ కోసం ఫిజిక్స్ చదివేది, ఒక్క మాట అనకుండా. జనీన్‌కి మాటిచ్చాను కదా, ఊపాల్సిందే. చెయ్యి సగం లేపాను కూడా. లేపి, టోపీ సర్దుకుని, ఎర్ర తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. పన్నెండు దాకా అటే చూశాను. ఆ తలుపుకి రంగు ఎక్కడెక్కడ లేచిపోయిందో మీకు చెప్పగలను.

ఫోన్ చెయ్యండి. నేను మాట్లాడనులెండి. మంచి వార్తే కదా, కాస్త నవ్వుతూ చెప్పండి.

...ఏడుస్తున్నారా? ఫోనెత్తింది వాళ్ళమ్మా? ఏడవనివ్వండి, పాపం.

అయిందా. ఇక రాయండి. కవరొద్దు, ఫ్రిజ్ మీద పెట్టాలి. పాతది తీసేద్దామనే చూశాను పొద్దున్న. లామినేషన్ చేయించాను కదా, చింపుదామంటే చిరగడం లేదు. దీన్ని దాని పైనే పెడతాను.