ఎవరి ఒళ్ళో ఏడ్చింది

ఎవరూ లేని పిల్లల్ని పెంచే ఇళ్ళకు అప్పగించి, బాగోగులు చూసే ఆఫీసు. పెద్ద మేడమ్ గదిలో నెలవారీ సమీక్ష. ఎదురు కుర్చీలో కేసు చూసే అమ్మాయి.

“లాభం లేదు మేడమ్. చిట్టిని ఆ ఇంట్లోంచి మార్చెయ్యాల్సిందే.”

“ఏం, పెంచే ఆవిడ కొడుతోందా?”

“అబ్బే. బంగారం లాంటి మనిషి.”

“తిండి?”

“దానికేం లోటు లేదు. అటాచ్‌మెంటే కుదర్లేదు. ఏడాదైనా ఆవిడ దగ్గరికి పోదు. దెబ్బ తగిలినా కిక్కురుమనదు. నాలుగేళ్ళ పిల్ల మేడమ్. అదే నేను బయల్దేరితే చాలు, కాళ్ళకి చుట్టుకుని ఒకటే ఏడుపు.”

“ఎన్నాళ్ళకోసారి వెళ్తున్నావ్?”

“వెళ్తూ ఉంటాను.”

“రూలు నెలకి రెండుసార్లు.”

“ఆ ఇల్లు నాకు దారిలోనే మేడమ్.”

“మీ ఇల్లు ఊరికి అటు చివర కదా.”

“బస్సు అటు తిరిగి వెళ్తుంది.”

“రోజూనా?”

“ఆదివారం బస్సులు తక్కువ.”

“వెళ్ళి ఏం చేస్తావ్?”

“ఏముంది, చూసి వచ్చేస్తాను. తల దువ్వి, అన్నం తినిపించి, నిద్రపుచ్చి వచ్చేస్తాను.”

“మరి ఆవిడేం చేస్తుంది?”

“వండుతుంది.”

“నువ్వు తినిపిస్తున్నప్పుడు?”

“లోపలికి వెళ్ళిపోతుంది. గిన్నెలేవో కడుక్కుంటూ ఉంటుంది.”

“కడిగిన గిన్నెలేనేమో.”

“నేను చూళ్ళేదు మేడమ్.”

“సరే, మార్చి ఎక్కడ పెడదామని?”

“ఎక్కడో ఒకచోట. దానికి అలవాటైన మనిషి దగ్గర.”

“అంటే?”

“అంటే... ఊరికే అన్నాను.”

“పోయిన వారం నువ్వు జ్వరమని సెలవు పెట్టావు కదా. ఆవిడ నాకు ఫోన్ చేసింది.”

“బెంగపెట్టుకుందా? అన్నం మానేసిందా? నాకు తెలుసు మేడమ్, ఇలాగే అవుతుందని...”

“మెట్ల మీంచి పడింది.”

“నేనిప్పుడే వెళ్తాను.”

“కూర్చో. నుదురు బొప్పి కట్టింది, అంతే. ఏడ్చి ఇల్లు పీకి పందిరేసిందట.”

“చిట్టి? ఏడ్చిందా?”

“పరుగెత్తుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పడి ఏడ్చిందట. అక్కడే నిద్రపోయిందట. కాళ్ళు తిమ్మిరెక్కినా ఆవిడ లేవలేదట. చెప్తూ చెప్తూ ఫోన్లో తనూ ఏడుపే.”

“ఊఁ.”

“ఏడాదిగా ఎదురుచూస్తోంది పాపం. మంచి వార్తే కదూ?”

“మంచి వార్తే మేడమ్.”

“చాలా మంచి వార్త.”

“అవును మేడమ్. చాలా.”

“ఇక మార్చే మాట లేదు కదా?”

“లేదు.”

“నెలకి రెండుసార్లు.”

“రెండుసార్లు. చిట్టి నా కోసం... నా కోసం ఏమైనా అడిగిందటా?”

“లేదు. ఏంటి, మొహం అలా పీక్కుపోయింది? జ్వరం ఇంకా తగ్గినట్టు లేదు. ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉండు.”

“నాకు జ్వరమేం రాలేదు మేడమ్. నేను కనపడకపోతే ఎంత ఏడుస్తుందో మీకు చూపిద్దామని ఇంట్లో కూర్చున్నాను.”