కడిగిన ఎలుక

గా డబ్బ తీసినవేందిరా సతీశ్? సారిచ్చిన విటమిన్ పొడేనా? పాములకేసే ఎలుకలకు చల్లనీకా? జర మూతవెట్టు. గిసొంటి డబ్బతోనే గీ షెడ్డుల ఒక మనిషి నౌకరి పోయింది. నీకెర్క లేదులే. జాఫర్ భాయ్ అని, తెలంగాణ వచ్చిన కొత్తల గీ విషం తీసే పాములకు మేత వెట్టేది ఆయనే. నేను గప్పుడు గూడ వాచ్‌మెన్‌నే. జడ్చర్ల నుంచి సైకిల్ మీద వచ్చేటోడు. రాంగనే పాముల దిక్కు సూడకుండ ఎలుకల రూముల వడేటోడు. నానవెట్టిన పల్లీలు, జొన్నలు, క్యారెట్ ముక్కలు, పెండ్లికొచ్చిన చుట్టాలకు వెట్టినట్టు వెడుతుండె. నేను నవ్వితే, "గాలయ్యా, పాము ఎలుకను బొక్కలతోని, కార్జంతోని మింగుతది. ఎలుక మంచిగ తింటే పాముకు అన్నీ అందుల్నే దొరుకుతయ్. మంచిగున్న పాముకు మందెందుకు?" అంటుండె.

ఏం జెప్తున్న? ఆఁ, పొడి. కొత్త సారొకాయన హైదరాబాద్ నుంచి డబ్బలు తెచ్చిండు. "పాముకు వెట్టే ప్రతి ఎలుకకు చల్లాలె, లేకుంటే ఇంటికి పో" అన్నడు. జాఫర్ భాయ్ సారు ముంగట చల్లేటోడు. సారు పోంగనే ఆ చంపిన ఎలుకను గీ షెడ్డుల నల్లా కిందనే కడిగి, పచ్చ తువ్వాలతో తుడిచి పాముకిచ్చేటోడు. నేను సూసిన. సూసి ఊకుంటే అయిపోయేది. సారుకు చెప్పిన. ఎందుకంటవా? సారు నన్ను మంచోడంటడని, గంతే. ఆ పొద్దే ఆయనను తీసేసిన్రు. గేటు నేనే తీసిన. "పన్నెండో పెట్టెల నాగు పైలం గాలయ్యా" అన్నడు, నామీద కోపం గూడ లేదు. రెండు నెలలకు చచ్చిపోయిండు. పరామర్శకు పోయి కూసుంటే, వాళ్లింటామె ఖాతూన్, "ఆఖరు దినం గూడ నాగు తిన్నదా అని అడిగిండు" అన్నది.

తినలేదురా. ఆయన గేటు దాటిన కాంచి తినలేదు. సారు మేత పని నాకే ఒప్పజెప్పి, ఇంకింత చల్లుమన్నడు, చల్లిన. అది మూతి తిప్పుకునేది. వారం వారం తూకం తగ్గవట్టె, ఎన్నుబొక్క తేలింది. ఇగ ఇది చస్తది, ఆ పాపం గూడ నాదే అనుకున్న. ఒక శుక్రారం పగటీలి పొడి చల్లిన ఎలుకను నాగు పెట్టెల వెట్టి, షెడ్డుకు తాళమేసి, బువ్వ తినొచ్చిన. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. వచ్చి సూస్తే నాగు కడుపుల ముద్ద. నల్లా కింద పొడి కలిసిన తెల్లనీళ్లు. ఆయన ఇడిసిపోయిన పచ్చ తువ్వాల, అన్ని దినాల సంది మేకుకు ఎండిపోయి ఉన్నదే, గప్పుడు తడిగుంది. భయం గాదు బిడ్డా, ముందుగాల సిగ్గయింది. నేను చెయ్యాల్సిన పని చచ్చినోడు వచ్చి చేసిపోయిండు.

గప్పటి సంది సారుకు తెల్వకుండ నేనే కడుగుతున్న. ఇగ నాకు శాతనైతలేదు, నువ్వే కడగాలె. ఒక్కనాడు గూడ తప్పొద్దు. ఇంతకు నల్లా కట్టేసి వచ్చినవా? కట్టేసినవా. మరి లోపట నీళ్ల సప్పుడేంది? తువ్వాల నువ్వు ముట్టలేదా. సరే, సరే, లోపటికి పోకు. తలుపు దగ్గరికెయ్యి. పా, చాయ్ తాగొద్దాం.