పదిమందిలో ఎనిమిదిమంది

మూడు విడతల కీమో అయ్యాక తీసిన స్కానింగ్ రిపోర్టును బల్ల మీద పెట్టి, డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. ఎదురుగా తలకు గుడ్డ చుట్టుకుని టైలరమ్మ కూర్చుంది.

“రొమ్ములో గడ్డ తగ్గలేదమ్మా.”

“ముక్క తీసి పరీక్ష చేసి, ఈ మందు పదిమందిలో ఎనిమిదిమందికి పనిచేస్తుందన్నారుగా?”

“అన్నాను. మీరు మిగిలిన ఇద్దరిలో పడ్డారు.”

“రోగం పోలేదు గానీ జుట్టు పోయింది. సూది పట్టుకుంటే వేళ్ళకి తెలియట్లేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.”

“మందు మారుద్దాం.”

“దీని లెక్కెంత?”

“పదిమందిలో నలుగురికి.”

“అందులో నేనుంటానా?”

“అది ఏ లెక్కా చెప్పలేదమ్మా. నాకూ తెలీదు.”

“ఈ మాట మొదట్లోనే అనుంటే బాగుండేది.”

“అవును. అనాల్సింది.”

“సరే, ఎక్కించండి. బయట మా చెల్లి కూర్చుంది. దానికి మాత్రం గడ్డ కరుగుతోందని చెప్పండి. అసలే తిండి మానేసింది.”

“ఆవిడ పొద్దున్నే రిపోర్టు చూశారు. మీకూ అలాగే చెప్పమని నన్ను బతిమాలారు.”

టైలరమ్మ తలుపు వైపు తిరిగింది.

“పిలవండి దాన్ని. అబద్ధాలాడే ఓపిక మా ఇద్దరికీ లేదు.”