రాక్షస బొమ్మల మీద నాసరమ్మ ఆట

నాసరమ్మని ఒకావిడ ఉండేదంట దిగువూళ్ళో. ఆవిడ నోరు విప్పిందంటే కాకులు చెట్టు మారేయంట, అంత నోరు. ఆవిడకి కాలవ చిట్టచివర, ఇంక అవతల కాలవే లేని చోట, ఇంత చెక్క పొలం. ఊళ్ళు రెండు, కాలవ ఒకటి. ఎగువూరోళ్ళు పైన, దిగువూరోళ్ళు కింద. కొత్తనీళ్ళు వదిలినప్పుడు మొదటి వంతు ఎవరిదనేది తగువు. తాతలనాడు కర్రలతో తేల్చుకునేవాళ్ళంట. తలకాయలు పగిలేవి, పగిలిన తలకాయలకి కట్లు కట్టుకుని మళ్ళీ పగలగొట్టుకునేవాళ్ళు. అప్పుడు అమ్మోరు పూనకంలో వచ్చి అన్నదంట, ఒరేయ్ మీరందరూ చస్తే నాకు పొంగలి పెట్టేవాడెవడ్రా, మీ బదులు బొమ్మల్ని కొట్టుకోనీండి అని. అమ్మోరికి మన మీద ప్రేమ అనుకునేరు. ఆవిడ ప్రేమ పొంగలి మీద.

సరే, ఆట ఏందంటే, గడులు గీసిన పెద్ద పలక. ఈ చివర ఒకరి గుమ్మం, ఆ చివర ఇంకొకరి గుమ్మం. మధ్యలో గురివింద గింజ. బొమ్మ తలమీద గుంటలో ఆ గింజ పెట్టుకుని అవతలోళ్ళ గుమ్మంలో దూరాలి. ఖాళీ గడిలోకి ఊరికే నడవచ్చు, అడిగేవాడు లేడు. కొట్టాలన్నా, గింజ ఎత్తాలన్నా, విసరాలన్నా గవ్వలెయ్యాలి. దెబ్బ గట్టిగా తగిలిన బొమ్మ బుట్టలోకి పోద్ది, ఆట అయ్యేదాకా రాదు, కొంచెం తగిలితే పలకమీదే పడుంటది. గవ్వలన్నీ బోర్లా పడ్డాయనుకో, చెయ్యి పోయినట్టే, ఆట అవతలోళ్ళ చేతికి పోద్ది, మిగతా బొమ్మలు కదపటానికి లేదు. అడుగున చిల్లున్న రాగి గిన్నె నీళ్ళ కుండలో తేలేస్తారు, అది మునిగితే ఆట అయిపోయింది. ఎక్కువసార్లు దూర్చినోళ్ళది మొదటి వంతు. సమానమైతే పోయినేడు గెలిచినోళ్ళదే. అర్థమైందా? ఆ మూల కూర్చున్నాయనకి అర్థం కాలా, పక్కనోళ్ళు చెప్పండి.

ఎగువూరోళ్ళు తెలివిగా తుమ్మమొద్దు తెచ్చి రాక్షసుల్ని చెక్కించుకున్నారు. ఒక్కోటి పొత్రమంత. మనోళ్ళు, అదే దిగువూరోళ్ళు, ఏ దేవుణ్ణి చెక్కించాలో తేలక కొట్టుకుని కొట్టుకుని చివరికి ఇంటికో బొమ్మ అనుకున్నారు. మునసబు బొమ్మ, కరణం బొమ్మ, కుమ్మరి, కమ్మరి, గొర్రెల కాపరి, గాజులమ్మేవాడు, ఇట్టా. అన్నీ పునికి చెక్క. రాక్షసుడంత బలమూ లేదు, గాలికి ఎగిరిపోయే అంత తేలికా కాదు. అన్నీ కొంచెం కొంచెం చేతనైనోళ్ళు, ఏదీ గట్టిగా చేతకానోళ్ళు. మనలాగే అనుకో.

మరి ఏడాదికేడాది ఎందుకు ఓడిపోతన్నారంటే, నాసరమ్మ మొగుడు కోటిలింగం ఆడేవాడు. వాడి చుట్టూ ఊరు ఊరంతా నిలబడేది. మునసబుగారి బొమ్మని వెనక పెడతావంట్రా, మా ఇంటి పరువేం కావాలి అని మునసబుగారు. దాంతో మునసబు బొమ్మ ముందుకొచ్చి రాక్షసుడి మూతికి మూతి ఆనించి నిలబడేది. వెనక్కి జరిగితే పిరికితనమంట. రాక్షసుడు ఒక్కటి పీకేవాడు, మునసబు బుట్టలో పడేవాడు. తర్వాత మా బొమ్మకేం తక్కువ అని ఇంకొకాయన. గంపెడు బొమ్మలూ అట్టాగే మర్యాదగా వరసలో నిలబడి తన్నులు తినేవి. ఆట అయినాక అందరూ పులిహోర తింటా, ఓడితే ఓడాం, ఎదురు నిలబడి ఓడాం అనుకునేవాళ్ళు. నీళ్ళు మాత్రం ఎగువూళ్ళో మళ్ళు నిండి, గట్లు తెగి, గేదెలు పొర్లినాక వచ్చేయి. అప్పటికి నాసరమ్మ నారుమడి ఎండిపోయి చాపలాగా చుట్టేటట్టుండేది. వరసగా రెండేళ్ళు అట్టా పోయింది. ఈ ఏడు కూడా పోతే ఇంక గింజలు లేవు, పొలం వదిలేసి ఇటకబట్టీలకి పోవాల్సిందే. ఆవిడకి ఏడుపొచ్చేది కాదు, తిట్లొచ్చేయి. కానీ లోపల భయం, ఆవిడకి తెలుసు.

ఆట ఇంకా రేపనగా మధ్యాన్నం కోటిలింగం ఇంట్లో ముగ్గుపిండితో గడులు గీసుకుని చింతగింజలతో ఆడుకుంటన్నాడంట. నాసరమ్మ వచ్చి కూర్చుంది. ఏమయ్యా, ఈ రాక్షసుడు పరిగెత్తగలడా అంది. యాడ పరిగెత్తుతాడే, మొద్దుగదా, రెండు గడులు కదిలితే గొప్ప అన్నాడు. మరి వాడి ముందుకి నువ్వెందుకు పోతన్నావు? పోకపోతే ఎట్టానే, కొట్టుకోవాలిగా! ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఇదిగో, మీ అమ్మ అరిచేటప్పుడు నేనెప్పుడన్నా ఎదురు మాట్లాడానా? బిందె తీసుకుని బావికి పోతా. ఆవిడ అరిచి అరిచి అలిసి పడుకున్నాక వచ్చి నా పని నేను చేసుకుంటా. అదే మా తోడికోడలుంది, నోట్లో నాలుక లేని మనిషి, ఆవిడ దగ్గర నేనే అరుస్తా. ఎదుటోళ్ళకేది చేతకాదో అది మనం చెయ్యాలయ్యా. నీ బొమ్మలకి అన్నీ కొంచెం కొంచెం వచ్చుగదా, మరి రాక్షసుడికి రానిదే చెయ్యి! పంచలో మంచం మీద అత్త, పేరు సీతాలు, కళ్ళు మూసుకుని పడుకునుంది. నిద్రపోతందనుకున్నారు. నిద్రపోలా. అది గుర్తుపెట్టుకోండి.

మర్నాడు ఏమైందంటే, గుడి ముందు పలక వేశారు. అటు ఎగువూరి ముసలారెడ్డి, మీసాలకి ఆముదం రాసుకుని వచ్చాడు. ఇటు కోటిలింగం. ఇంటిదగ్గర సరే సరే అన్నాడు గదా, పలక ముందు మునసబుగారు గొంతు సవరించుకోగానే వాడి చెయ్యి దానంతటదే పోయి మునసబు బొమ్మని ముందు పెట్టింది. ఒక్క దెబ్బ, బుట్టలో. కుమ్మరి పక్కనున్న వడ్రంగిని పెట్టాడు, వాడూ బుట్టలో. నాసరమ్మ ఆడోళ్ళల్లోంచి లేచి వచ్చి మొగుడి భుజం పట్టుకుని, లెయ్ అంది. వాడు లేచాడు, పాపం, హాయిగా లేచాడు. ఆడది కూర్చోవటమేందని మునసబుగారు గోల. పూజారి తల గోక్కుని, ఊరోళ్ళు ఆడాలన్నారుగానీ మొగోళ్ళే ఆడాలని అమ్మోరు అన్లేదు, అయినా అమ్మోరు మాత్రం మొగాడా అన్నాడు. ముసలారెడ్డి నవ్వి, కూర్చో అమ్మాయ్, తొందరగా తేలిపోద్ది, నాకూ ఆకలైతంది అన్నాడంట.

నాసరమ్మ ఏం చేసింది? గవ్వలు ముట్టుకోలా. బొమ్మలన్నిటినీ ఒక్కో గడి వెనక్కి నడిపించింది. గవ్వలెయ్యి, గవ్వలెయ్యి అని మనోళ్ళు. ఏస్తాలే, ఊరికే అయ్యే పనులు ముందు చేసుకోనీండి, బోర్లా పడితే ఇవన్నీ ఆగిపోవూ అంది. రాక్షసులు ముందుకొచ్చారు, మనోళ్ళు పక్కకి జరిగారు. రాక్షసులు ఇటొచ్చారు, మనోళ్ళు అటు జరిగారు. ముసలారెడ్డి బుట్టలో ఇంకేం పడటంల్లా. విసుగొచ్చి గింజ తీసుకుని మన గుమ్మం వైపు నడిచాడు. నాసరమ్మ గుమ్మం ముందున్నోళ్ళని కూడా పక్కకి తీసేసి, దూరు రెడ్డీ, దూరు, ఎండలో నిలబడ్డావు అంది. దూరాడు. మనూరోళ్ళు లబోదిబోమన్నారు, మునసబుగారు తువ్వాలు కింద కొట్టాడు. కానీ చూడండి, ఒకరు దూర్చినాక గింజ మళ్ళీ పలక మధ్యకొచ్చి అవతలోళ్ళదైతది. రాగి గిన్నె ఇంకా సగానికి కూడా నిండలా. రాక్షసులందరూ కొట్టుడు మోజులో మన గుమ్మం దగ్గరున్నారు, వాళ్ళ గుమ్మం దగ్గర ఈగ కూడా లేదు. గాజులమ్మేవాడు గింజ ఎత్తాడు, కాపరికి విసిరాడు. కాపరికి అలవాటేగదా పరిగెత్తటం, గొర్రె తప్పిపోయినట్టు పోయి దూరాడు. చెరొకటి అయింది. సమానమైతే ఎగువూరిదే గెలుపు, మర్చిపోబాకండి.

ఈసారి ముసలారెడ్డి నవ్వటంల్లా. రాక్షసుల్ని పలక మధ్యకి తెచ్చుకుని, గింజ ఒకడి నెత్తిన పెట్టి, చుట్టూ నలుగురు రాక్షసుల్ని కాపలా పెట్టి, పలక అంచు పట్టుకుని నిదానంగా నడిపిస్తన్నాడు. ఇది గోడ. గోడకి తల కొట్టుకుంటే తలే పగులుద్ది. నాసరమ్మ ముట్టుకోలా. దూరంగా నడుస్తంది, అడ్డం నిలబడుతంది, అందకుండా జరుగుతంది. గిన్నెలో నీళ్ళు ఎక్కుతన్నాయి. ఆవిడ చేతులు చెమట పట్టినాయంట, చీరకి తుడుచుకుంటా ఉంది. అప్పుడు కరణం బొమ్మని తీసి ఒంటరిగా, రాక్షసులకి రెండు గడుల అవతల నిలబెట్టింది. కరణంగారు, అమ్మా నాసరమ్మా, అది మా తాతగారి బొమ్మ తల్లీ అన్నాడు. తెలుసు బాబూ, అందుకే పెట్టా, ఆయన్ని కొట్టాలని అనిపించనోడు ఈ రెండూళ్ళల్లో ఉన్నాడా అంది.

ముసలారెడ్డికి చేతులు దురద పెట్టినాయి. వాళ్ళ తాత పొలం గట్టు జరిపింది ఆ కరణమేనంట మరి! కాపలా రాక్షసుల్లో ఒకణ్ణి పంపాడు, కరణం కిందపడ్డాడు. చాల్లా. ఇంకొకణ్ణి కూడా పంపాడు, కిందపడ్డోణ్ణి తన్నటానికి. గవ్వలేశాడు. అన్నీ బోర్లా! చెయ్యి పోయింది, గోడకి రెండు కంతలు పడ్డాయి. నాసరమ్మ ముందు కాపరిని నడిపింది, గాజులమ్మేవాణ్ణి నడిపింది. తర్వాత కుమ్మరిని ఒక కంతలోంచి, కమ్మరిని ఇంకో కంతలోంచి దూర్చి, గింజ మోసే రాక్షసుడి పక్కన ఇద్దర్నీ నిలబెట్టింది. ఇప్పుడు వేసింది గవ్వలు. ఒక్కడికి కదలనోడు ఇద్దరికి కదిలాడు, పలక అంచు మీదనుంచి జారి జనంలో పడ్డాడు. ఎవరి ఒళ్ళో పడ్డాడనుకున్నారు? సీతాలు ఒళ్ళో. పలక మీదనుంచి పడ్డ బొమ్మని ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి, గింజని మాత్రం జనం వెనక్కి వెయ్యాలి, అదీ ఆచారం. ముసల్ది గింజ పలక మీదకి విసిరి, బొమ్మని చీరకింద పెట్టుకుని దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నా బొమ్మేదే అన్నాడు ముసలారెడ్డి. ఏ బొమ్మ నాయనా అంది.

గాజులమ్మేవాడు గింజ ఎత్తాడు, విసిరాడు, కాపరి పట్టాడు. రాక్షసుల గుమ్మం ముందుకి నడిచాడు. నడిచి, ఆగాడు. నాసరమ్మ చెయ్యి తీసేసింది. దూర్చవే! దూర్చవే తల్లీ! అని ఊరంతా. ఆగండి, ఇప్పుడు దూరిస్తే గింజ మళ్ళీ వాళ్ళకి పోద్ది, గిన్నెలో ఇంకా జాగా ఉంది అంది. రాక్షసులు వెనక్కి తిరిగి డొక్కుడొక్కుగా వస్తన్నారు, ఇంకో చెయ్యొస్తే కాపరిని అందుకుంటారు. కోటిలింగం కళ్ళు మూసుకున్నాడు. నాసరమ్మ పలకని చూడటంల్లా, గిన్నెనే చూస్తంది. అంచు దాకా వచ్చింది నీరు. లోపలికి ఒలికింది. అప్పుడు, గవ్వలక్కర్లేని ఒక్క అడుగు, కాపరి గుమ్మంలో దూరాడు. గిన్నె బుడుక్కున మునిగింది.

మొదటి వంతు తూము పలక మునసబుగారు ఎత్తాలి, మర్యాద అన్నారంట. ఆ మర్యాద రెండేళ్ళు నా నారుమడి తినింది, అవతలికి జరుగు బాబూ అని తనే ఎత్తింది. నీళ్ళు ముసలారెడ్డి మడి పక్కనుంచే, ఆగకుండా, ఆయన చూస్తా ఉండంగానే పోయినాయి. కాలవ చివరికొచ్చి నారుమడిలో పడ్డాయి. నాసరమ్మ గట్టు మీద కూలబడి, అప్పుడేడ్చింది. తిట్లు ఒక్కటి రాలా. మునసబుగారు మాత్రం ఈనాటికీ, మొదటి దెబ్బ మా బొమ్మ తినబట్టే గెలిచామంటాడు.

ఆ సాయంత్రం కోడలు ఇంటికొస్తే, సీతాలు రాక్షస బొమ్మని మంచం కోడుకింద పెట్టుకుని కూర్చునుందంట. ఏందే, నేనరుస్తంటే బావికి పోయేది అందుకా అంది. నాసరమ్మ చెయ్యి బిందె మీదకి పోయింది. సరేలే, బాగా ఆడావు, నా కడుపు నిండింది, రేపట్నించి నా మంచం బావి దగ్గరెయ్యి అంది. మరి కోడలు దానికేం ఎత్తు వేసిందని నన్నడగబాకండి. నాకూ ముగ్గురు కోడళ్ళున్నారు, అదిగో తలుపెనకాలనుంచి వింటన్నారు.