పద్మనాభన్ పెట్టించిన డిగ్రీ

పద్మనాభన్ కాలేజీలో ముప్పై ఒక్క ఏండ్లు గంట కొట్టి రిటైరైనాడు. గొంతులో వేడి టీ పడితే చాలు, ఆ కాలేజీని తానే కట్టినట్టు మొదలుపెడతాడు. ఆ సంగతి ఉప్పళం పేటలో అందరికీ తెలుసు, కరెంటాఫీసులో లైన్‌మాన్ పని చేసే గణేశన్‌కూ తెలుసు. తెలిసి తెలిసీ ఆ మధ్యాహ్నం అన్నమ్మాళ్ టీ అంగట్లో ఆయన పక్కనే పోయి కూర్చున్నాడంటే, పాపం, వేరే గతి లేకనే. కూతురు కవిప్రియకు రెండు సీట్లొచ్చినాయి. ఒకటి బీకాం. ఇంకొకటి ఇంటర్‌డిసిప్లినరీ హ్యుమానిటీస్ అంట, చరిత్ర, సాహిత్యం, తత్వం, సంగీతం అన్నీ ఒకే డిగ్రీలో కలిపి చెప్తారంట. పిల్ల ఆ రెండోదానికే పట్టుబట్టింది. ఆ సాయంత్రం అయిదింటికే గడువు, నాయన సంతకం లేకపోతే ఫారం తీసుకోరు. బిడ్డ బతుకు ఏమైపోతుందోనని గణేశన్‌కు నాలుగు దినాలుగా కూడు సయించడం లేదు.

"మామా, మీ కాలేజీలో ఆ అన్నీ కలిపిన కోర్సు ఉండాది గదా. మంచిదేనా?"

"మంచిదేనా అంటావేందిరా గణేశా! అది పెట్టించిందెవురు? నేను గదా!"

"మొదలైంది," అనింది అన్నమ్మాళ్, టీ ఎత్తి పోస్తా.

"నువ్వూరుకో అన్నమ్మాళ్. పెద్ద పని చేసినానని నేనూ చెప్పను. ఒక వానాకాలం హిస్టరీ రూము కారతా ఉండింది. పిల్లకాయల్ని తోలకపోయి ఎకనామిక్స్ రూములో కూర్చోబెట్టినా, అంతే. ఇద్దరు లెక్చరర్లు, ఒకటే బోర్డు. ఈయన ఈ పక్క యుద్ధం రాస్తాడు, ఆయమ్మ ఆ పక్క బియ్యం ధర రాస్తాది. పిల్లకాయలు అంతా కలిపి రాసుకొని పరీక్షలో అందరూ ఫస్ట్ క్లాస్! ప్రిన్సిపాల్ పరిగెత్తుకొచ్చి, పద్మనాభన్, దీని పేరేంది అన్నాడు. ఇంటర్‌డిసిప్లినరీ సార్ అన్నా. ఆ మాట అప్పటిదాకా ఎవురి నోటా రాలే."

రూము కారిన మాట నిజమే అయ్యుంటుందని గణేశన్ తలూపినాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కమిటీ వేసినారు. ఆ కమిటీకి పేరు పెట్టేదానికి ఇంకో కమిటీ. ఏడు నెలలు బజ్జీలు తిన్నారే గాని ఒక్క పేజీ రాయలే. నాకు ఒళ్ళు మండి, ఒక మధ్యాహ్నం అన్నం తినే టైములో సిలబస్ మొత్తం రాసి పారేసినా. పిల్లకాయల్ని తేంగాయితిట్టు చేపల హార్బరుకు తోలినా. ఒక వంజరం చేప. దాని వేలం ఎకనామిక్స్, అది వచ్చిన దోవ జాగ్రఫీ, పట్టినోడి పాట సాహిత్యం, దాన్ని తినొచ్చునా కూడదా అనేది ఫిలాసఫీ!"

"ఆ చేప ఏమైంది మామా?"

"దానికీ రెండు క్రెడిట్లిచ్చినాం. విను, ఫ్రెంచోళ్ళు ఏలినప్పుడు కట్టుకున్న వైట్ టౌన్ నుంచి ఒక ఫ్రెంచాయన సైకిల్ మీద వచ్చి చూసినాడు. చూసినోడు సైకిల్ దిగలే, అట్నే పారిస్‌కు తొక్కినాడు. నెల తిరక్కుండా నూరుమంది ప్రొఫెసర్లు ఓడెక్కి దిగిపోయినారు. రూము చాలక బీచ్‌లో క్లాసు పెట్టినా. అలల చప్పుడుకు పాఠం వినబడలే. సముద్రం పక్కకు తిరిగి గంట ఒక్కటి కొట్టినా, పీరియడ్ అయిపోయిందనుకొని అలలన్నీ వెనక్కి పోయినాయి. రెండు మైళ్ళు! మళ్ళీ గంట కొట్టేదాకా రాలే."

"నేను అప్పుడు దినామూ ఆ బీచ్‌లోనే శనగల సుండల్ అమ్మతా ఉంటిని. నాకు కనబడలేదే?" అనింది అన్నమ్మాళ్.

"నువ్వు చిల్లర చూసుకుంటా ఉంటివేమో."

"అది సరే మామా, ఉద్యోగం వస్తుందా?" గణేశన్ గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఉద్యోగమా! మన పిల్లకాయలు కూర్చొని ఉంటారు, కంపెనీలొచ్చి ఇంటర్వ్యూ ఇచ్చుకోవాల. ఫెయిలైన కంపెనీ వచ్చే ఏడాది మళ్ళీ రావాల్సిందే."

ఈ కోర్సు కూడా ఈయన మాటల మాదిరి ఒట్టి గాలేనని గణేశన్‌కు గట్టిగా తోచింది. బీకాంకే సంతకం పెడదామని లేచినాడు. అప్పుడే కవిప్రియ వచ్చింది. ఒక చేతిలో ఫారాలు, ఇంకో చేతిలో పసుపూ కుంకుమా పూసిన పాత కాగితం.

ఆ కాగితాన్ని వాళ్ళింట్లో మూడు తరాలుగా ఆయుధ పూజకు పటాల పక్కన పెట్టి మొక్కుతారు. తెలుగులో ఉండాది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బళ్ళో చదివింది అరవం, తెలుగు అక్షరం ఎవురికీ రాదు. తేంగాయితిట్టు పక్కన నేల మనదేనని అందులో ఉందని పెద్దోళ్ళు చెప్పినారు, వీళ్ళు నమ్మినారు.

"ఇటియ్యి," అని పద్మనాభన్ లాక్కున్నాడు. "ఆ కోర్సుకు తెలుగు పేపరు రాసిందే నేను." కాగితాన్ని దూరంగా పట్టుకొని, గొంతు సవరించుకొని, ఊపిరి తిప్పుకోకుండా చదివినాడు. ఫ్రెంచి దొర గణేశన్ ముత్తాతకు హార్బరూ, లైట్‌హౌసూ, వాటి మీది ఆకాశంతో సహా రాసిచ్చినాడంట. అబద్ధమని తెలిసినా గణేశన్ గుండె ఒక్కసారి ఎగిసింది.

"తాతా, పోయిన నెల ఆ కోర్సోళ్ళు ఎవురైనా వచ్చి వినొచ్చునని క్లాసులు పెట్టినారు. తెలుగు అక్షరాలూ, పాత కాగితాలు చదివేదీ నేర్పినారు. నాయనకు చదివి చూపిద్దామనే దీన్ని తెచ్చినా," అని కవిప్రియ కాగితం మెల్లగా తీసుకొని, వేలు పెట్టి, కూడబలుక్కుంటా చదివింది.

"ఈ నేల అమ్మినాను. రెండు కాగితాలు రాయించి ఒకటి నా దగ్గర పెట్టుకున్నాను. నాకు చదవను రాయను రాదు. రాసినాయన చదివి చెప్పింది నిజమని నమ్మి వేలిముద్ర వేసినాను."

అడుగున కుంకుమ కింద నల్లగా ముత్తాత వేలిముద్ర కనబడింది.

"పద్మనాభన్నా," అనింది అన్నమ్మాళ్, "హార్బరు ఏ వరసలో ఉండాదో చూపించు."

పద్మనాభన్ కాగితం వైపూ, పిల్ల వైపూ చూసినాడు. "తెలుగు అక్షరాలు నేను లీవులో ఉన్న దినం సిలబస్‌లో చేర్చినట్టుండారు."

అంగడంతా పగలబడి నవ్వింది. గణేశన్‌కు నవ్వు రాలేదు. ఇన్నేండ్లూ దండం పెట్టింది నేల అమ్మేసిన కాగితానికి.

"ఫారం ఇయ్యి పాపా."

"బీకాందా నాయనా?"

"కాదు, నువ్వడిగినదే. మనోళ్ళు ఎవురో చెప్పింది నమ్మి వేలిముద్ర వేసింది చాలు. చదివినాకే సంతకం పెడతా."

ఫారం ఇంగ్లీషులో ఉండింది. గణేశన్ బెంచీ మీద కూర్చొని ఒక్కొక్క వరసా తానే చదివినాడు, తెలియని మాట వచ్చినప్పుడల్లా కూతుర్ని అడిగినాడు. అయిదుకు ఇంకా అరగంట ఉండగా సంతకం పెట్టినాడు.