చూసినవాళ్ల సంతకం

సైనిక రికార్డుల గదిలో బల్లకు అటు ముసలి గుమాస్తా, ఇటు తాతయ్య ఫైలు కోసం వచ్చిన మనవరాలు.

"అప్పట్లో అమ్మమ్మ వచ్చి అడిగితే, ఫైలు దొరకలేదన్నారటండీ."

"ఇదిగో, ఉందిగా తల్లీ. ఇప్పుడెందుకు?"

"యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు రాతిమీద చెక్కుతున్నారు. తాతయ్య పేరుకి రుజువు కావాలట."

గుమాస్తా పేజీ తిప్పి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఏమైందండీ?"

"మీ తాతయ్య యుద్ధంలో పోలేదమ్మా. కాపలా వదిలేసి పారిపోయాడని రాశారు."

ఆమె ఫైలు తనవైపు తిప్పుకుని ఆ వాక్యం చదివింది.

"అమ్మమ్మ రోజూ ఆయన ఫోటో తుడుస్తుందండీ. వీరుడి భార్యనని తలెత్తుకు బతికింది. ఈ మాట ఏ నోటితో చెప్పను?"

"అది మీ ఇంటి సంగతి. ఫైలు చూసినవాళ్లు మాత్రం చివరి కాగితం మీద సంతకం పెట్టాలి. ఇక్కడ, ఈ సంతకం కింద."

"నాకంటే ముందు ఎవరు చూశారు?"

"తేదీ ప్రకారం నలభై ఏళ్లయింది. బంధుత్వం దగ్గర భార్య అని ఉంది."

ఆ వంకర అక్షరాలు ఆమెకు తెలుసు. తన చేత పలక మీద దిద్దించిన చెయ్యే అది. చాలాసేపు వాటినే చూసి, వాటి కిందే సంతకం పెట్టింది.

"ఇంతకీ ఇంట్లో ఏం చెప్తావమ్మా?"

"ఫైలు దొరకలేదని."